అల్పమైనను నిత్యము - యోగాభ్యాస విచారము

యోగమనగానే మన కన్నుల యెదుట ఒక చిత్రము నిలుచును. మంచుకొండల నడుమ ఒక గుహ, అందులో జింక చర్మము, దానిపై పద్మాసనమున కూర్చుండి అర్ధనిమీలిత నేత్రుడై యున్న ఒక తపస్వి. ఆ చిత్రము అసత్యము కాదు. కాని దానివలన గృహస్థులకు కొంత కీడు కూడ జరిగినదని చెప్పక తప్పదు. ఉద్యోగము, వ్యవసాయము, పిల్లల చదువులు, వృద్ధులైన తల్లిదండ్రుల సేవ, వీని నడుమ నలిగిపోవు మనుష్యుడు ఆ చిత్రమునకు ఒక నమస్కారము చేసి, "ఇది మనవలన నగు పని కాదు" అనుకొని తన దారిని తాను పోవుచున్నాడు. లేదా ఒకనాడు ఆవేశముతో ప్రారంభించి, గంటల కొలది ఒడలు వంచి, పదునైదు దినములలో విసిగి మానుచున్నాడు.

కొంతకాలము క్రిందట ఒక దేవాలయ మంటపమున గీతా ప్రవచనము ముగిసి అందరును లేచి పోవుచుండగా ఒక పెద్దమనిషి నాయొద్దకు వచ్చినారు. వయస్సు డెబ్బదికి దగ్గర. ఉద్యోగ విరమణానంతరము ఒక శిబిరమునకు పోయి పదునొకండు దినములు యోగాసనములు నేర్చుకొన్నారట. దినమునకు గంటన్నర చొప్పున ఇంటియొద్ద ఒక మాసము చేసినారట. అంతలో కుమార్తె వివాహము వచ్చినది, అభ్యాసము ఆగినది. మరల ప్రారంభించినారు. మోకాళ్లు నొచ్చినవి, ఆగినది. మూడవమారు ప్రారంభించునప్పటికి భార్య మంచము పట్టినది. ఇంతయు చెప్పి, "అయ్యా, గీతలో యోగభ్రష్టుడని చెప్పినది నావంటి వానినేనా?" అని అడిగినారు. ఆ ప్రశ్నలో పరిహాసము లేదు. ఆయన నిజముగానే భయపడియున్నారు. ఆనాడు నేను తోచిన నాలుగు మాటలు చెప్పి పంపితిని గాని, ఆ మాటలు నాకే తృప్తి కలిగింపలేదు. ఆ పిమ్మట గ్రంథములు తిరుగవేసి ఆలోచించిన విషయములను ఆస్తిక పాఠకుల ముందుంచుచున్నాను.

ఆయన అడిగిన ప్రశ్న క్రొత్తది కాదు, అర్జునుడు అడిగినదే. గీతలో ఆరవ అధ్యాయమున అర్జునుడు రెండు సందేహములను వెలిబుచ్చెను. గాలివలె పట్టుటకు వీలుకాని మనస్సును నిలుపుట ఎట్లు అనునది మొదటిది. శ్రద్ధ యుండియు ప్రయత్నము సడలి యోగమునుండి జారినవాడు, ఇహమునకును పరమునకును చెడి, చెదరిన మేఘమువలె నశించిపోవునా అనునది రెండవది. మొదటి సందేహమునకు భగవానుడు చూపిన ఉపాయములు రెండు: అభ్యాసము, వైరాగ్యము. రెండవ సందేహమునకు సమాధానము చెప్పుచు ఆయన స్వరమే మారినది. తండ్రి బిడ్డను పిలిచినట్లు ఆప్యాయముగా పిలిచి, అట్టివానికి ఇచ్చటను అచ్చటను నాశము లేదనియు, మేలు చేయబూనినవాడెవడును దుర్గతి పాలుగాడనియు అభయమిచ్చెను. విడిచిన చోటనే తరువాతి జన్మమున అందుకొని ముందునకు సాగునని కూడ చెప్పెను. రెండవ అధ్యాయములోను ఇట్టి ధైర్యవచనమే యున్నది. ప్రారంభించిన ప్రయత్నము వ్యర్థము కాదనియు, ఈ ధర్మము కొంచెమైనను గొప్ప భయమునుండి కాపాడుననియు దాని భావము. అది కర్మయోగ సందర్భమున చెప్పబడిన మాటయే యైనను, అభ్యాసయోగమునకు అన్వయించుకొనుటలో దోషము లేదని నా అభిప్రాయము.

అభయము సరియే. కాని మరుజన్మమువరకు వేచియుండ నక్కరలేకుండ, ఈ జన్మముననే ఈ ఉదయముననే తిరిగి అందుకొను ఉపాయమేమి? ఇచ్చట మనకు పతంజలి మహర్షి తోడ్పడును. యోగసూత్రములలో ప్రథమ పాదమున అభ్యాసమునకు లక్షణము చెప్పుచు, అది దృఢముగా వేరూనుటకు మూడు నియమములను ఆయన విధించెను. అది చిరకాలము సాగవలెను, ఎడతెగకుండ సాగవలెను, ఆదరముతో సాగవలెను. పాఠకులు గమనింపవలసిన విశేషమొకటి యున్నది. చిరకాలమనగా సంవత్సరముల లెక్క. పూటకు ఎన్ని గంటలు కూర్చుండవలెనో మహర్షి ఎచ్చటను చెప్పలేదు. మనము మాత్రము చిరకాలమను మాటను గడియారము మీదికి మార్చుకొని, గంటన్నర చేసిననే యోగమని భ్రమించుచున్నాము. ఆసనమును గూర్చి ఆయన రచించినవి మూడే సూత్రములు. అది స్థిరముగాను సుఖముగాను ఉండవలెననియు, ప్రయత్నమును సడలించుటచేత అది సిద్ధించుననియు ఆయన తాత్పర్యము. పళ్లు బిగబట్టి, ముఖము చిట్లించి చేయు ఆసనమునకు ఆ మూడింటిలో చోటు లేదు.

అభ్యాస వైరాగ్యములను వివరించుచు వ్యాసభాష్యము చిత్తమును నదితో పోల్చినది. ఆ నది రెండు దిక్కులకును ప్రవహించునట. ఒక ప్రవాహము కల్యాణమునకు, మరియొకటి పాపమునకు. వైరాగ్యము విషయములవైపు పోవు నీటికి అడ్డుకట్ట వేయును. అభ్యాసము మంచివైపు దారి తెరచును. గోదావరీ తీరవాసులకు దీనిని వేరుగ వివరింపనక్కరలేదు. ధవళేశ్వరము ఆనకట్ట క్రొత్తగా నీటిని సృజించలేదు. సముద్రములోనికి పోవు నీటి మట్టమును పెంచి కాలువలకు మళ్లించినది, అంతియే. అయితే కాలువను ఏటేట పూడిక తీయనియెడల ఆనకట్ట ఎంత గట్టిదైనను పొలము తడువదు. నిత్యాభ్యాసము ఆ పూడిక తీత వంటిది.

పతంజలి చెప్పిన తొమ్మిది అంతరాయములలో చివరి రెండును మన పెద్దమనిషి విషయమునకు చక్కగా సరిపోవును. ఒకటి, ఏ భూమికను అందుకొనలేకపోవుట. రెండవది, అందుకొనియు దానియందు నిలువలేకపోవుట. ఈ రెండవదియే శిబిరములకు పోయి వచ్చినవారిని పట్టి పీడించు వ్యాధి. శిబిరమున నలుగురి నడుమ ఉత్సాహము పొంగును. దానికి తగిన శక్తి ఇంటియొద్ద ఉండదు. విక్షేపములతోపాటు పుట్టు లక్షణములనుగూడ మహర్షి పేర్కొనెను. దుఃఖము, మనస్సు చివుక్కుమనుట, అవయవములు కదలాడుట, ఉచ్ఛ్వాస నిశ్వాసములు అదుపు తప్పుట. మనస్సు చెదరినదని శరీరమే చాటి చెప్పునని దీని భావము. కనుక శరీరమును, శ్వాసను ప్రతిదినము కొంతసేపైనను పలుకరించుట మనస్సును పలుకరించుటయే.

శ్వాస విషయమున మన పూర్వులు కట్టిన లెక్క యొకటి కలదు. అహోరాత్రమునకు మనుష్యుని శ్వాసలు 21,600. దీనినే అజపా జపమని, హంస మంత్రమని చెప్పుదురు. ఈ సంఖ్యను దినమునందలి 1,440 నిమిషములచేత భాగించినయెడల నిమిషమునకు సరిగా 15 వచ్చును. విశ్రాంతిగా నున్న పెద్దవారికి నిమిషమునకు 12 మొదలు 20 వరకు శ్వాసలుండునని నేటి వైద్యులు చెప్పుచున్నారు. మన లెక్క ఆ హద్దుల నడుమనే యున్నది. ఇక పది నిమిషముల పాటు, నిమిషమునకు ఆరు చొప్పున, నెమ్మదిగా శ్వాసించితిమనుకొనుడు. మొత్తము 60 శ్వాసలు. 21,600లో 60 అనగా మూడువందల అరువదవ వంతు. ఇంత స్వల్పమునకు ఫలమేమి యను అనుమానము సహజము. కాని మన వంటయింటిలో ప్రతి రాత్రియు జరుగు పనిని చూడుడు. కడివెడు పాలకు చెంచాడు మజ్జిగ తోడు చాలును. పదిదినముల తోడు ఒకే రాత్రి కుమ్మరించినంత మాత్రమున పదిదినములకు సరిపడు పెరుగు రాదు, పాలు పులిసిపోవును. ఏనాటి తోడు ఆనాడే వేయవలెను.

ఈ నెమ్మది శ్వాసను గూర్చి 2001వ సంవత్సరమున ఒక ఆంగ్ల వైద్య పత్రికలో ఇటలీ దేశీయుడగు బెర్నార్డీ యను వైద్యుడును ఆయన సహచరులును ఒక పరిశోధనను ప్రకటించిరి. క్రైస్తవుల జపమాలా ప్రార్థనను, బౌద్ధుల మంత్రమును ఉచ్చరింపజేయగా, రెండు సందర్భములలోను శ్వాస దానంతటదియే నిమిషమునకు సుమారు ఆరునకు దిగినదనియు, గుండె లయయు రక్తపోటును సరిచేయు శరీర యంత్రాంగమును మెరుగుపడినవనియు వారు కనుగొనిరి. పరీక్షింపబడినవారు 23 మంది మాత్రమే. దీనిని కొండంత చేసి చెప్పరాదు. కాని జపమునకును శ్వాసకును గల సంబంధము మన సంధ్యావందనము చేయువారికి విన్న మాటయే. ప్రాణాయామములేని సంధ్య లేదు గదా! ఆ కర్మయును స్వల్పకాలమునందే ముగియును, అయినను దినమునకు మూడు పూటలు విధింపబడినది. నిత్యకర్మ యనగా ఇంత చేసిన ఇంత ఫలమని బేరము పెట్టునది కాదు. చేయుటయే దాని స్వభావము. సంధ్యాధికారము లేనివారికి గాని, దానిని విడిచినవారికి గాని తులసి ప్రదక్షిణము, దీపారాధనము, నామజపము ఇట్టి నిత్యములే.

నిత్యత్వ మహిమకు మన తిరుమలేశుని సన్నిధియందే ఒక గొప్ప సాక్ష్యము కలదు. తాళ్లపాక అన్నమాచార్యులు 1424 మొదలు 1503 వరకు సంకీర్తనములు రచించినట్లు రాగిరేకులు తెలుపుచున్నవి. ఆయన రచించినవి 32 వేలని ప్రసిద్ధి. ఆ సంఖ్య వినగానే సామాన్యునకు కన్నులు తిరుగును, అది మానవమాత్రునకు సాధ్యమా యనిపించును. కాని ఆ కాలమును దినములుగా లెక్కింపుడు. 78 ఏండ్లకు 28 వేల దినముల పైచిలుకు. అనగా దినమునకు ఒక సంకీర్తనము, అప్పుడప్పుడు మరియొకటి. దినమున కొకటి తక్కువ కాకుండ స్వామికి సమర్పించుట ఆయన నియమమని పెద్దలు చెప్పుదురు. ప్రతిభ భగవద్దత్తము, దానిని మనము అనుకరింపలేము. నియమమును మాత్రము అనుకరింపవచ్చును.

మరియు ఆలయ వ్యవస్థనే చూడుడు. బ్రహ్మోత్సవములు చూచుటకు లక్షలాది జనులు కొండకు వత్తురు. అవి తొమ్మిది దినములు. కాని తెల్లవారకమునుపే మేలుకొలుపు, పిదప తోమాల, అర్చన, నైవేద్యములు, రాత్రి ఏకాంతసేవ, ఇవి ఏడాది పొడవున జరుగుచుండును. వాహనసేవ చూచి పరవశించిన మనము ఈ నిత్యసేవల నిశ్శబ్దమును అంతగా తలపోయము. ఇంకొక సంగతి కలదు. నాకు మిక్కిలి ఊరట కలిగించినది ఇదియే. ఇంత శ్రద్ధతో జరుగు ఆరాధనలోను తెలిసియో తెలియకయో లోపములు దొర్లవచ్చునని ఆగమము ముందే ఊహించినది. వాని పరిహారార్థము శ్రావణ మాసమున మూడు దినములు పవిత్రోత్సవము జరుగును. పదునైదవ శతాబ్ది శాసనములలో పేర్కొనబడిన ఈ ఉత్సవము మధ్యకాలమున ఆగిపోయి 1962లో పునరుద్ధరింపబడినది. ఒకప్పుడు ఆగినదే మరల ప్రారంభమైనది! సాక్షాత్తు స్వామి సన్నిధియందే లోపమునకు పరిహారమును, విడిచినదానిని తిరిగి చేపట్టుటయు ఉన్నప్పుడు, మన చాపమీది అభ్యాసము నాలుగు దినములు తప్పినంత మాత్రమున భ్రష్టులమైతిమని కుమిలిపోవుట ఏమి న్యాయము?

హఠయోగ గ్రంథములు కఠినములని లోకప్రసిద్ధి. కాని స్వాత్మారామయోగి రచించిన హఠయోగప్రదీపికను చదివినవారికి ఆయన ఎంతటి జాగ్రత్తపరుడో తెలియును. సింహమును, ఏనుగును, పులిని ఎట్లు మెల్లమెల్లగా మచ్చిక చేయుదురో ప్రాణవాయువునుగూడ అట్లే వశపరచుకొనవలెననియు, తొందరపడినచో అది సాధకునే హతమార్చుననియు ఆయన హెచ్చరించెను. కుంభకములను ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము, అర్ధరాత్రము అని నాలుగు పూటలకు పంచి, ఒక్కొక్క పూట ఎనుబది వరకు, అదియును క్రమక్రమముగా పెంచుకొమ్మనెను. ఏకాంతమున మఠికలో నివసించు సాధకునకు చెప్పిన మాట ఇది, గృహస్థునకు కాదు. అట్టి సాధకునకైనను ఒక్కసారిగా కాక పంచుకొనియే చేయుమనుట గమనింపదగినది.

యోగమును చెరచునవి ఆరింటిని ఆయన పేర్కొనెను. అతిగా తినుట, అతిగా శ్రమపడుట, అధిక ప్రసంగము, నియమములను పట్టుకొని వ్రేలాడుట, జనసాంగత్యము, చాపల్యము. రెండవదియైన అతిశ్రమయే మన పెద్దమనిషి మోకాళ్లను నొప్పించినది. నాలుగవది ఇంకను సూక్ష్మమైనది. వేకువజామున చన్నీటి స్నానము, ఫలాహారము మాత్రమే తినుట వంటి పట్టుదలలను వ్యాఖ్యాత యగు బ్రహ్మానందుడు దీనికి ఉదాహరణములుగా చూపెను. నిత్యము వేరు, మంకుపట్టు వేరు. నాలుగు గంటలకు లేవలేకపోతిని గనుక నేటికి అభ్యాసమే లేదనువాడు నియమమును పాటించినట్లు తోచును గాని, నిజమునకు నియమమునకు బలియైనాడు. ఆరు గంటలకు లేచి పదినిమిషములు కూర్చుండువాడే వానికంటె మెరుగు.

అలవాటు ఏర్పడుటకు ఎన్ని దినములు పట్టును? మన సంప్రదాయమున మండల దీక్ష యున్నది. అయ్యప్ప భక్తులు 41 దినములు పాటింతురు. లండను నగరమందలి విశ్వవిద్యాలయ కళాశాలకు చెందిన పరిశోధకులు 96 మందిని పరిశీలించి 2010లో ప్రకటించిన దాని ప్రకారము, ఒక క్రొత్త పని అప్రయత్నముగా జరుగు స్థితికి వచ్చుటకు నడిమి లెక్కగా 66 దినములు పట్టినది. కొందరికి 18 దినములే చాలినవి, కొందరికి 254 వరకు పట్టునని తేలినది. నడుమ ఒక్క దినము తప్పినంత మాత్రమున అలవాటునకు చెప్పుకోదగిన హాని కలుగలేదని కూడ వారు వ్రాసిరి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో శరీర వ్యాయామము కనీసము పదేసి నిమిషముల చొప్పుననైన సాగవలెనని చెప్పి, 2020లో ఆ నిబంధనను తొలగించినది. వారమునకు 150 మొదలు 300 నిమిషముల మధ్యమ వ్యాయామము పెద్దలకు అవసరమేగాని, దానిని చిన్నచిన్న భాగములుగా చేసినను లెక్కకు వచ్చునని సారాంశము. అరువదియైదేండ్లు దాటినవారు తూలిపడకుండుటకు నిలుకడ నిచ్చు వ్యాయామములను వారమునకు మూడు దినములైనను చేయవలెనని కూడ ఆ సంస్థ సూచించినది. గోడను ఒక చేత పట్టుకొని వృక్షాసనమున నిలుచుట ఇందుకు తగిన సాధనము.

ఇక ఇరువది నిమిషములలో ఏమి చేయవచ్చునో చెప్పెదను. ఇది నాకు అనుకూలించిన క్రమము, శాసనము కాదు. ఉదయము కాలకృత్యములు తీర్చుకొని, ఖాళీ కడుపుతో తూర్పు ముఖముగా నిలుచుండి రెండు నిమిషములు ఊరక శ్వాసను గమనింపవలెను. తరువాత మూడు సూర్యనమస్కారములు, ఒక్కొక్కటి నిమిషమునకు తక్కువ కాకుండ. మిత్ర, రవి, సూర్య మొదలుగా భాస్కర వరకు గల పన్నెండు నామములను ఒక్కొక్క స్థితియందు ఒక్కొక్కటిగా మనస్సులో తలంచినయెడల వేగము దానంతటదే తగ్గును. (ఇరువదవ శతాబ్ది తొలిభాగమున ఔంధు సంస్థానాధిపతి భవాన్‌రావు పంత్ ప్రతినిధి ఈ నమస్కారములను స్వయముగా ప్రతిదినము చేయుచు ప్రచారము గావించెను. రాజ్యభారము వహించినవారికి తీరిక దొరకినది, మనకు దొరకదా!) వంగలేనివారు కుర్చీలో కూర్చుండి చేతులెత్తి నమస్కరించినను తప్పులేదు. పిమ్మట ఒకటి రెండు ఆసనములు చాలును. భుజంగాసనము వెన్నునకు మంచిది. మోకాళ్ల నొప్పి గలవారు వజ్రాసనమునకు పోరాదు. తరువాత ఏడెనిమిది నిమిషములు ఎడమ కుడి నాసికలను మార్చుచు, ఊపిరి బిగబట్టకుండ, నాడీశోధనము. చివర మూడు నాలుగు నిమిషములు శవాసనము. దీనిని నిద్రకు సాకని తీసివేయరాదు. చేసిన పనిని శరీరము ఇముడ్చుకొను సమయమిది.

రక్తపోటు, గుండెజబ్బు, కంటిలో ఒత్తిడి పెరుగు వ్యాధి, వరిబీజము గలవారు, గర్భవతులు డాక్టరును అడిగిన తరువాతనే ప్రారంభింపవలెను. అట్టివారు పుస్తకము చూచి శీర్షాసనము వేయుట ప్రమాదము. మందులు మాని యోగముతో నయము చేసికొనుమని బోధించువారి మాట వినవద్దు. భోజనానంతరము మూడు నాలుగు గంటలు గడువనిదే ఆసనములు వేయరాదు.

ఆ పెద్దమనిషిని ఆ తరువాత మరల కలిసికొని ఈ విషయములనే సంగ్రహముగా మనవి చేసితిని. గంటన్నర మాట మరచిపొండనియు, అమ్మగారికి ఉదయము మందు ఇచ్చి, ఆమె మరల కన్ను మూసికొను ఆ పావుగంటను పట్టుకొనుడనియు చెప్పితిని. కొంతసేపు ఆలోచించి, "పావుగంట అని చెప్పుకొనుటకు సిగ్గుగా ఉండునండీ" అన్నారు. ఎవరికి చెప్పుకొనవలెనని అడిగితిని. నవ్వినారు. గత కార్తికమున దీపాల వేళ కనబడినారు. భార్య కొంత కోలుకొని కర్ర ఊతముతో ప్రక్కనే నిలుచుండియున్నది. అభ్యాసమెట్లు సాగుచున్నదని అడుగగా, మనుమరాలికి జ్వరము వచ్చి మూడు దినములు తప్పినదనియు, ఆ ఉదయము మరల కూర్చుండితిననియు, ప్రసాదము దొన్నె చేతికందించుచు చెప్పినారు.